నేను ఆమేన్ అన్నది కుర్చీకే

ముందుగా నా కుర్చీ సంగతి చెప్పాలి. దానికి ఎడమ చెయ్యి లేదు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు రెండు చేతులూ ఉండేవి. ఒక వార్షికోత్సవం నాడు ముఖ్య అతిథిగారు వేదిక మీద కూర్చోవడానికి దాన్ని తీసుకెళ్లారు. తిరిగి వచ్చేసరికి ఒక చెయ్యే మిగిలింది. ఆ అతిథిగారు ఎవరో, ఆ రోజు ఏం మాట్లాడారో మా బడిలో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. నాకు గుర్తుంది. క్రమశిక్షణ గురించి మాట్లాడారు.

ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు ఇది చదివితే, ఒక మనిషి ఇన్నేళ్లు పనిచేసి చెప్పుకోవడానికి కుర్చీ తప్ప ఇంకేమీ దొరకలేదా అనుకోవచ్చు. దొరుకుతాయి. కానీ ఏది చెప్పాలన్నా ఆ కుర్చీ దగ్గరే మొదలుపెట్టాలి, ఎందుకంటే నా ఉద్యోగమంతా దాని మీదే జరిగింది.

మా బడి బందరులో ఉంది. పెద్ద రోడ్డు మీద కాదు, రెండు సందులు తిరిగితే వస్తుంది. ఒక క్రైస్తవ సొసైటీ నడిపే ఇంగ్లీషు మీడియం బడి. ఏసీ బస్సులూ, ఈత కొలనూ ఉండవు. ఆటో నడిపేవాళ్లు, గిల్టు నగల పనివాళ్లు, ఆసుపత్రుల్లో ఆయాలు కట్టుకోగలిగినంత ఫీజు. అందుకే మే నెల వచ్చిందంటే కోడూరు నుంచి, నాగాయలంక నుంచి, గుడివాడ అవతల నుంచి కూడా జనం వచ్చేవారు. పిల్లల కోసం టౌన్లో చిన్న గది అద్దెకు తీసుకుని మరీ వచ్చేవారు. నేను గుమస్తాని, అడ్మిషన్ల టేబుల్ నాది. అంటే ఇంగ్లీషు చదువు కోసం ఎంత దూరం నుంచి వచ్చినా ముందు నా మొహం చూడాలి. అది వాళ్లకు మొదటి పరీక్ష అని వెనకాల అనుకునేవారట. ఎవరన్నారో కూడా నాకు తెలుసు.

నాకు అవమానాలు మర్చిపోయే అలవాటు లేదు. ఒకసారి స్టాఫంతా పాలకాయతిప్ప పిక్నిక్‌కు వెళ్లాం. సముద్రం బాగుందని అందరూ అన్నారు. నాకు పులిహోర పొట్లం అందలేదు కాబట్టి నేను సముద్రాన్ని సరిగా చూడలేదు. రిటైరైన రోజు సభలో కూడా ఈ సంగతి గుర్తుచేశాను. మా సంఘంలో ఒక ఆదివారం పాస్టరుగారు బైబిలు వాక్యం చదవమని నా వైపు చూసి, ఆఖరి క్షణంలో నా పక్కాయన్ని పిలిచారు. ఆ పక్కాయన తప్పేమీ లేదని నాకు తెలుసు. అయినా ఇప్పటికీ ఆయనతో ముక్తసరిగానే మాట్లాడతాను.

కుర్చీ గురించి నేను పెట్టిన అర్జీలకు లెక్కలేదు. మా ప్రిన్సిపల్ మేడమ్‌ది గుడివాడ. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. ప్రతి అర్జీనీ శ్రద్ధగా చదివి, మడిచి, “ప్రార్థన చేద్దాం బ్రదర్” అనేవారు. ఆ మాటకు మా బడిలో అర్థం ఏమిటంటే, ఇక ఆ విషయం అయిపోయిందని. నా పక్క టేబుల్ క్యాషియర్‌ది. గిల్టు నగలకు మెరుగు పెట్టే ముస్లిం కుటుంబం నుంచి వచ్చాడు. నన్ను బావగారూ అని పిలిచేవాడు. నా అర్జీలకు మొదటి పాఠకుడు అతనే. “ఈసారి బాగా వచ్చింది బావగారూ, పోయినసారి కన్నా కోపం చిక్కగా ఉంది” అని మెచ్చుకునేవాడు. అది మెచ్చుకోలు కాదని తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టింది.

ఇక నా రూలు. ఒక ఏడు ఒక పిల్లాణ్ని వాళ్ల మేనమామ తీసుకొచ్చి చేర్పించాడు. నేను చేర్చుకున్నాను. వారం తిరక్కుండా ఆ పిల్లాడి తండ్రి వచ్చి, వరసలో నిలబడ్డవాళ్లందరి ముందూ, “నన్ను అడక్కుండా మా వాణ్ని ఎట్లా చేర్చుకున్నావు నువ్వు?” అన్నాడు. అడిగిన దాంట్లో న్యాయం ఉంది. కానీ నువ్వు అన్నాడు. ఆ నువ్వు నాలో దిగబడిపోయింది. ఆ సాయంత్రమే చార్టు కాగితం తెప్పించి, ఎర్ర స్కెచ్ పెన్నుతో నేనే రాసి, నా వెనక గోడకు అంటించాను: “అడ్మిషన్ కొరకు తల్లి, తండ్రి ఇరువురూ కలిసి స్వయంగా రావలెను.” మేడమ్ చూసి సరేనన్నారు. నేను అడిగినదానికి ఆవిడ సరేననడం అదే మొదటిసారి. అందువల్ల ఆ రూలంటే నాకు సొంత బిడ్డంత ప్రేమ.

ఆ తర్వాత కొన్నేళ్లకు వచ్చిందే ఈ కథలోని పాప.

మే నెల చివర, ఒకటో తరగతిలో ఖాళీలు దాదాపు నిండిపోతున్న రోజుల్లో, ముందు పాపను తీసుకుని తల్లి వచ్చింది. ఆయన ఏరమ్మా అన్నాను. చెరువు మీద ఉన్నారండి అంది. రమ్మనండి అని పంపేశాను. నాలుగు రోజులకు అదే పాపను తీసుకుని తండ్రి వచ్చాడు. మీ ఆవిడ ఏరీ అన్నాను. చెరువు మీద ఉందండి అన్నాడు. వీళ్లిద్దరూ కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారని నాకు అనుమానం వచ్చింది. నోరు మెదపకుండా వెనక గోడ మీది చార్టు చూపించాను. దాని పక్కనే మా సొసైటీ వాక్యాల క్యాలెండర్ ఉంటుంది. దాన్ని చూపిస్తున్నాననుకున్నాడేమో, భక్తిగా చేతులు జోడించి వెళ్లిపోయాడు.

మూడోసారి, జూన్‌లో బడి తెరిచిన వారం, నాయనమ్మ వచ్చింది. కోడూరు దగ్గర పల్లెటూరు ఆవిడది. పాప చదువు కోసం బందరులో చిన్న గది తీసుకుని, రెండిళ్లలో పనిచేసుకుంటోంది. పాప రెండు జడలకూ రిబ్బన్లు కట్టి, మొహానికి దట్టంగా పౌడరు రాసి తీసుకొచ్చింది. నాకు చెప్పవలసిన మాట సిద్ధంగానే ఉంది.

“అమ్మా నాన్నా ఇద్దరూ కలిసి రావాలమ్మా.”

“ఇద్దరూ రాలేరండి అన్నయ్యగారూ.”

“ఏం, విడిపోయారా?”

“అయ్యో, లేదండి. విడిపోయే తీరిక కూడా లేదండి వాళ్లకి.”

పక్క టేబుల్ నుంచి క్యాషియర్ నవ్వాడు. ఆ నవ్వును నేను ఆవిడ ఖాతాలో వేశాను. మేడమ్‌ని కలుస్తానంది. మేడమ్ బిజీగా ఉన్నారన్నాను. సరిగ్గా ఆ క్షణంలోనే మేడమ్ చేతిలో టీ కప్పుతో, ఏ పనీ లేని మనిషిలా, గదిలోంచి బయటికి వచ్చారు. పైవాళ్లు మనల్ని అబద్ధాలకోరులుగా నిలబెట్టడానికి పెద్దగా కష్టపడనక్కర్లేదు, పిల్లలూ. తలుపు తీస్తే చాలు.

ఒక్క మాట మాత్రం మేడమ్ గురించి ఒప్పుకోవాలి. ఆవిడ ఎప్పుడూ బయటివాళ్ల ముందు నా మాట తీసెయ్యలేదు. చార్టు చదివారు, నన్ను చూశారు, పాపను చూశారు. రూలు అలా ఉందమ్మా, ఏమనుకోకండి, ఈసారికి గవర్నమెంటు బడిలో ప్రయత్నించండి అని మెత్తగా చెప్పారు. చివర అలవాటు ప్రకారం, “ఒక మాట ప్రార్థన చేసుకుని వెళ్లండమ్మా” అన్నారు. అలాంటప్పుడు మేడమే రెండు ముక్కల్లో ప్రార్థన చేసి పంపేస్తారు. కానీ ఈ నాయనమ్మ, “నేను చేస్తానండి అమ్మా” అని, ఎవరూ ఏమీ అనేలోగా పైట చెంగు తల మీదికి లాక్కుంది.

మేమందరం లేచి నిలబడ్డాం. మా వాళ్ల పద్ధతి తెలియనివారి కోసం చెబుతున్నాను. ప్రార్థన మొదలైందంటే కళ్లు మూసుకోవాలి. ఆమేన్ వరకు మధ్యలో మాట్లాడటానికి లేదు, కూర్చోవడానికి లేదు. ఫోను మోగినా, బెల్లు కొట్టినా అంతే. పల్లెటూళ్ల మహిళా ప్రార్థన కూటాల్లో అలవాటుపడ్డ ఆడవాళ్లు మొదలుపెడితే, ఇక ఎప్పుడు ఆపుతారన్నది వాళ్లకూ దేవుడికీ మధ్య విషయం. ఈవిడ తను బందరు వచ్చిన రోజు అవనిగడ్డలో బస్సు దొరికినందుకు స్తోత్రం చెప్పింది. బస్సులో సీటు దొరికినందుకు చెప్పింది. మా ఆఫీసులో ఫ్యాను తిరుగుతున్నందుకు చెప్పింది. ఆ ఫ్యాను గురించి కూడా నేను ఒక అర్జీ పెట్టి ఉన్నాను. అప్పుడు అసలు విషయానికి వచ్చింది.

“తండ్రీ, మా అబ్బాయీ కోడలూ ముదినేపల్లి దగ్గర చేపల చెరువు గట్టు మీద కాపలా ఉంటున్నారని నీకు తెలుసు. ఒకళ్లు ఇటొస్తే ఒకళ్లు అక్కడ ఉండాలి తండ్రీ. ఇద్దరూ వచ్చిన పూట నీళ్లల్లో ఆక్సిజన్ పడిపోతే చేపలు చచ్చి తేలిపోతాయి. షావుకారు వాళ్లని గట్టు దిగిపొమ్మంటాడు. ఈ సంగతి అన్నయ్యగారికి చెప్పుకుందామనుకున్నాం గానీ ఆయన అడగలేదు తండ్రీ. ఆయన మీద మాకు కోపం లేదు. నువ్వు కూడా పెట్టుకోవద్దు.”

నా మీద ఎంతోమంది ఫిర్యాదులు చేశారు. మేడమ్‌కు చేశారు, సొసైటీ సెక్రటరీకి చేశారు. అన్నిటికీ జవాబులు రాశాను. కానీ నా కళ్ల ముందు, కళ్లు మూసుకుని, అంత పైకి వెళ్లినవాళ్లు లేరు. జవాబు చెబుదామని నోరు తెరిచాను. ఎవరికి చెప్పాలి? ఆవిడ మాట్లాడుతున్నది నాతో కాదు.  ఆవిడ ఇంకా ఆపలేదు.

“ఆయన కుర్చీకి ఒక పక్క చెయ్యి లేదు తండ్రీ. పొద్దస్తమానం ఒక పక్కకే ఒరిగి కూర్చుంటున్నారు. నడుం ఎంత నొప్పి పెడుతుందో నీకే తెలియాలి. నొప్పితో ఉన్న మనిషి ఎవరితోనైనా అట్లాగే మాట్లాడతాడు. ఈ బిడ్డకి ఈ బడిలో కూర్చునే చోటు, ఆ అన్నయ్యగారికి రెండు చేతులున్న కుర్చీ నువ్వే దయచెయ్యాలి తండ్రీ.”

“ఆమేన్” అన్నాను.

అనాలని అనలేదు. ఇన్నేళ్లలో నా నడుం గురించి మాట్లాడిన మొదటి మనిషి ఆవిడ. ప్రార్థన ఇంకా ముగియలేదు, అందరికన్నా ముందు నేనే అన్నాను. మా సంఘంలో నా ఆమేన్‌కు పేరుంది, వెనక చాప మీద కునికిపాట్లు పడేవాళ్లు కూడా లేచి కూర్చుంటారు. అదే గొంతుతో అన్నాను.

కళ్లు తెరిచేసరికి మేడమ్ నన్నే చూస్తున్నారు. క్యాషియర్ మా ప్రార్థనలప్పుడు గౌరవంగా చేతులు కట్టుకుని నిలబడతాడు, కళ్లు మాత్రం మూసుకోడు. జరిగిందంతా కళ్లారా చూసినవాడు అతనొక్కడే. ఇప్పుడు పెదవులు బిగించి ఫ్యాను వైపు చూస్తున్నాడు. పాప నా కుర్చీకి చెయ్యి ఉండవలసిన చోటును పరీక్షగా చూస్తోంది.

“మరి చేర్చుకుందామా బ్రదర్?” అన్నారు మేడమ్.

“రూలు ఉంది కదా మేడమ్.”

“మీరే ఆమేన్ అన్నారు.”

“నేను ఆమేన్ అన్నది కుర్చీకే మేడమ్.”

“ప్రార్థనని ముక్కలు చేసి, మనకి కావలసిన ముక్కకి ఆమేన్ అంటామా బ్రదర్?”

  సోమవారం చెబుతానన్నాను. సాయంత్రం టీ దగ్గర క్యాషియర్, “ఆవిడ కుర్చీ దాకా వచ్చేసరికి మీ మొహం చూడాలి బావగారూ” అని, టీ ఊదుకుంటూ, “ఇన్నేళ్లూ అర్జీలు తప్పు అడ్రసుకి పంపారు” అన్నాడు. సోమవారం నాటికి ఆ మాట గిల్టు నగల షాపుల దాకా వెళ్లింది.

ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు ఏం చెప్పారో నేను వినలేదు. రూలు గురించి ఆలోచిస్తున్నాను. నేను పెట్టిన రూలును నేనే తీసేస్తే, నన్ను నువ్వు అన్నవాడు గెలిచినట్టు. అది జరగడానికి వీల్లేదు. కానీ చార్టు మీద ఏముంది? ఇద్దరూ కలిసి స్వయంగా రావాలి. ఎక్కడికి అన్నది లేదు. రాసినవాణ్ని నేనే కాబట్టి ఆ వెసులుబాటు నాకే కనిపించింది. పైగా, నిజం చెప్పొద్దూ, చెరువు కథ అబద్ధమైతే పట్టుకోవచ్చన్న ఆశ కూడా ఉంది. ఆరాధన అవగానే గుడివాడ బస్సెక్కాను. అక్కడి నుంచి ముదినేపల్లి. నాయనమ్మ రాయించి వెళ్లిన ఇంటి యజమాని నంబరుకు ఫోన్ చేసి చెరువు ఆనవాలు అడిగి పెట్టుకున్నాను. ఆటో వదిలేసిన చోటు నుంచి బురదలో నడిచాను. చెప్పు తెగింది. అది కూడా ఆవిడ ఖాతాలో వేశాను.

చెరువు ఉంది. అబద్ధం కాదు. రెండు పక్కలా నీళ్లు, మధ్యలో మనిషి పట్టేంత గట్టు, గట్టు మీద రేకుల షెడ్డు. తండ్రి తెప్ప మీద నిలబడి మేత సంచులు కడుతున్నాడు. తల్లి నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్ మోటారు దగ్గర ఉంది. నన్ను గుర్తుపట్టగానే ఆ అమ్మాయి మోటారు వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

“పాపకేమన్నా అయిందా సార్?”

ఏమీ కాలేదని చెప్పడానికి నేను కొంచెం ఆలస్యం చేశాను, ఆయాసం వల్ల. తెప్ప మీదున్న అతను నీళ్లలోకి దూకి ఈదుకుంటూ వచ్చేశాడు.

షెడ్డులో ఉన్న ఒకే ఒక ప్లాస్టిక్ కుర్చీ తుడిచి నాకు వేశారు. దానికి రెండు చేతులూ ఉన్నాయి. కూర్చోగానే ఎదురుగా షెడ్డు కప్పును మోసే నిట్రాడ గుంజ కనిపించింది. దానికి మోకాలి ఎత్తున పాత చీర పేలిక ఒకటి గట్టిగా ముడివేసి ఉంది. కొస నేల మీద పడి ఉంది. మేకనో కుక్కనో కట్టేవాళ్లనుకున్నాను. ఊరికే అడిగాను, ఏం కడతారమ్మా దీనికి అని.

“పాపని కట్టేవాళ్లం సార్. ఇద్దరం పనిలో ఉన్నప్పుడు. ఒకసారి జారి పడిపోయింది, అప్పట్నుంచి. నీళ్ల దాకా రాకుండా కొలత చూసుకుని కట్టేదాన్ని” అంది. తర్వాత, తన తప్పు ఏదో చెప్పుకుంటున్నట్టు, “ఈ ఏడు పొడుగైంది. పడుకుని చెయ్యి చాపితే నీళ్లు అందుతున్నాయి. అది చూసి అత్తయ్య తీసుకెళ్లిపోయింది” అంది.

ఎవరి మీదైనా ఫిర్యాదు చేద్దామని వెతుక్కున్నాను. అది నా స్వభావం. షావుకారు మీదా, చెరువు మీదా, ఆక్సిజన్ మీదా? అర్జీ ఎవరికి రాయాలో తోచలేదు. ఆ కుర్చీలో నిటారుగా కూర్చుని, ఆఫీసు గొంతు తెచ్చుకుని, “మీరిద్దరూ కలిసి నా ముందుకు వచ్చారు, రూలు ప్రకారం సరిపోయింది, రేపు పాపను పంపించండి” అన్నాను.

“మేం ఎక్కడికీ రాలేదు కదండీ” అన్నాడు తండ్రి, ఒంటి మీంచి నీళ్లు కారుతుండగా.

“నేను వచ్చాను కదయ్యా.”

వాళ్లు అన్నం తినకుండా వెళ్లనివ్వలేదు. చేపల పులుసు. ఉప్పు కాస్త ఎక్కువైందని చెప్పాను. ఎక్కువైంది మరి. తల్లి నవ్వింది. ఆ రోజు ఆవిడ నవ్వడం అదొక్కసారే చూశాను, కాబట్టి ఆ మాట అన్నందుకు నాకు విచారం లేదు.

సోమవారం పాప ఒకటో తరగతిలో కూర్చుంది. పది రోజులు తిరక్కుండా నాకు కొత్త కుర్చీ వచ్చింది. సంఘంలో ఎవరో ఇచ్చారన్నారు మేడమ్. అన్నేళ్ల నా అర్జీలకు రానిది, ఒక్క ప్రార్థనకు వచ్చింది. నాకు చాలా అవమానమనిపించింది. దాని మీద ఒక అర్జీ రాద్దామని కూర్చున్నాను కూడా. ఆమేన్ అన్నవాణ్ని నేనే కాబట్టి సాగలేదు.

పాత కుర్చీని స్టోరు రూములో పడెయ్యమని వాచ్‌మన్‌కు చెబుతుంటే, పాపను దించడానికి వచ్చిన నాయనమ్మ, “ఎందుకండి అన్నయ్యగారూ, వచ్చినవాళ్లు కూర్చుంటారు” అని, తనే లాక్కొచ్చి నా టేబుల్‌కు అవతలి పక్క వేసింది. అక్కడ అంతకుముందు కుర్చీ ఉండేది కాదు. వచ్చినవాళ్లు నిలబడేవారు. అలా అయితే తొందరగా మాట్లాడి వెళ్తారని నా ఉద్దేశం. ఇప్పుడు కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టారు. నా పని రెట్టింపైంది.

చార్టు కూడా మార్చాను. “రాలేని పక్షమున ఆఫీసు వారు వెళ్లి కలవవలెను” అని కింద నేనే కలిపాను. ఆఫీసు వారంటే ఎవరు? నేనే. ఆ తర్వాత ప్రతి మే నెలలోనూ ఉయ్యూరు చెరకు తోటల్లోకీ, చేపల చెరువుల గట్ల మీదికీ తిరిగి తిరిగి నా మోకాళ్లు అరిగిపోయాయి. ఆ చార్టును మేడమ్ తర్వాత ప్రింటు చేయించి, కింద తన సంతకం పెట్టుకున్నారు. ఆ సవరణ నాది. ఎక్కడా చెప్పే అవకాశం రాలేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

పోయిన నెల పెన్షన్ పని మీద బడికి వెళ్లాను. నా సీటులో ఒక కుర్ర గుమస్తా ఉన్నాడు. “కాసేపు ఆగండి తాతగారూ” అన్నాడు. గుర్తుపెట్టుకున్నాను. టేబుల్‌కు ఇవతలి పక్క అదే కుర్చీ, అందులో నాయనమ్మ కూర్చుని ఉంది. పాపకు జ్వరమొస్తే తీసుకెళ్లడానికి వచ్చిందట. పాప ఇప్పుడు హైస్కూలు. నన్ను చూడగానే లేచి కుర్చీ నా వైపు జరిపింది. వద్దన్నాను. వినలేదు. కూర్చున్నాను. నా ప్రమేయం లేకుండానే నడుం కుడి పక్కకు ఒరిగింది.

ఎలా ఉన్నారన్నయ్యగారూ అంది. మోకాళ్ల గురించి చెప్పాను. పెన్షన్ గురించి, మా వీధి కాలువ గురించి, సంఘంలో నన్ను ముందు వరస నుంచి వెనక్కి జరిపిన సంగతి, ఆ కుర్రాడు తాతగారూ అన్న సంగతి చెప్పాను. ఆవిడ నిలబడే అంతా విన్నది. చివర పైట చెంగు తల మీదికి లాక్కుంటూ, “ప్రార్థన చేద్దామా?” అంది.

“ముందు ఏం అడుగుతారో చెప్పండి” అన్నాను.

ఆవిడ అప్పటికే కళ్లు మూసుకుంది. నేనూ మూసుకున్నాను.